పసరు, పత్యము, పరీక్ష

నెల్లూరికి దక్షిణంగా, గూడూరికి ఉత్తరంగా, చెన్నపట్టణం పోయే రైలుదారిమీద మనుబోలు ఉన్నది. చుట్టూ వరిమళ్ళు, తూర్పున కొంతదూరం పోతే సముద్రం. మొలగొలుకుల అన్నమూ, చేపల పులుసూ తిని పెరిగినవారము మేము. తిండిని గురించి మా వైపు ఎంత ముచ్చటించుకొంటారో, తిన్నది ఒంటికి పట్టనప్పుడు ఏమి చేయవలెనన్న దానిని గురించీ అంతే ముచ్చటించుకొంటారు. అజీర్తికి వాము, కడుపు ఉబ్బరానికి ఇంగువ, విరేచనాలకు దానిమ్మతొక్క - ప్రతి ఇంటా ఏదో ఒక వైద్యం కలదు. కాని కామెర్లన్న మాట వినబడగానే ఆ ముచ్చట ఆగిపోతుంది. ఇంటివైద్యం దానికి చాలదని అందరికీ తెలుసు. పసరు పోసేవారు ఏ ఊళ్ళో ఉన్నారని అప్పుడు అడుగుతారు.

ఈ ప్రసంగంలో మేము చెప్పదలచినది ఆ పసరును గురించి, కాలేయవ్యాధులను గురించి. అంతకంటె ముఖ్యంగా, ఒక మందు నిజంగా పనిచేసినదని మనకు ఎట్లా తెలుస్తుందన్న ప్రశ్నను గురించి. ఇంగ్లీషులో క్లినికల్ రీసెర్చి అని వ్యవహరించే చికిత్సా పరిశోధన అంతా ఈ ఒక్క ప్రశ్నకు సమాధానం వెదకడమే.

మా ఇంట జరిగిన రెండు సంగతులతో ప్రారంభిస్తాము. అప్పటికి మాకు పది పన్నెండేండ్లు. ఒక వానకాలం చివర మా అన్నయ్యకు కండ్లు పచ్చబడినవి. అన్నం సహించలేదు, మూత్రం పసుపు కలిపిన నీటివలె అయినది. మా అవ్వ తెల్లవారుజామున వాణ్ణి బండిలో పడుకోబెట్టుకొని ఆమడ దూరంలోని ఒక పల్లెకు తీసుకొనిపోయినది. అక్కడ ఒక పెద్దాయన పరగడుపున ఆకుపసరు పోసేవాడు. అందుకు డబ్బు పుచ్చుకొనేవాడు కాడు. మూడునాళ్ళు పసరు, ఇరవైయొక్క నాళ్ళు పత్యం. ఉప్పు లేదు, నూనె లేదు; చప్పిడి మజ్జిగ అన్నం మాత్రమే. మూడువారాలకు అన్నయ్య కండ్లు తెల్లబడినవి. అవ్వ ఆ పెద్దాయనకు కొత్త పంచెలచాపు పంపినది.

మరుసటి ఏడు మా చిన్నాయన కూతురు, మాకు అక్క, పురిటికి ఇంటికి వచ్చినది. ఎనిమిదవ నెల. ఆమెకూ కండ్లు పచ్చబడినవి. అదే బండి, అదే పల్లె, అదే పసరు. ఆరవనాడు పొద్దెక్కినా అక్క లేవలేదు. లేపితే పొంతనలేని మాటలు మాట్లాడి మరల నిద్రలోకి జారినది. పత్యం ముగియకముందు వేరే మందు తగలరాదన్నారు. ఎనిమిదవనాడు రైలెక్కించి నెల్లూరు తీసుకొనిపోయేసరికి వైద్యులు చేయదగినదేమీ మిగలలేదు. తల్లీ దక్కలేదు, కడుపులోని బిడ్డా దక్కలేదు.

అన్నయ్య లేచి తిరిగినప్పుడు "పసరు మహిమ" అన్నారు. అక్క పోయినప్పుడు "పత్యం చెడినది" అన్నారు. ఎవరో తెలియక నూనె గరిటె ఆమె కంచంలో పెట్టి ఉంటారని అవ్వ చాలాకాలం ఇంటిలోని ఆడవారినందరినీ అనుమానించినది. రోగి బ్రతికితే ఘనత మందుది. పోతే తప్పు పత్యానిది. ఇట్లా లెక్క వేసినంతకాలం ఏ మందైనా మంచిమందే అవుతుంది. దానికి ఓటమి లేదు. ఓడిపోవడానికి అవకాశం లేని మందును పరీక్షించడం ఎవరికీ సాధ్యం కాదు. ఆ పెద్దాయన మోసగాడని మేము అనడంలేదు. ఆయన తాను చూచినదానిని నమ్మినాడు. తన వద్దకు వచ్చినవారిలో అధికులు కోలుకొన్నారు కదా!

మరి వారు ఎందువలన కోలుకొన్నారు? దీనికి కామెర్లంటే ఏమిటో కొంచెం తెలుసుకోవలె. కామెర్లు ఒక వ్యాధి పేరు కాదు. జ్వరంవలె అదొక గుర్తు. మన రక్తంలోని ఎర్రకణాలు సుమారు 120 దినాలు జీవించి నశిస్తవి. వాని ఎరుపు పదార్థం విచ్ఛిన్నమైనప్పుడు బిలిరూబిన్ అనే పసుపుపచ్చని పదార్థం పుడుతుంది. కాలేయం దానిని రక్తంనుండి గ్రహించి, నీటిలో కరిగే రూపానికి మార్చి, పైత్యరసంతో కలిపి ప్రేగులలోనికి పంపివేస్తుంది. ఈ పని ఎక్కడ ఆగినా పచ్చదనం రక్తంలో నిలిచిపోయి మొదట కంటి తెల్లగుడ్డులో కనబడుతుంది. ఎర్రకణాలు మితిమీరి నశించినా, కాలేయం వాచినా, పైత్యనాళానికి రాయి గాని గడ్డ గాని అడ్డుపడినా, మూడు సందర్భాలలోనూ కనబడేది ఆ ఒక్క పసుపురంగే. ఒకే పసరు ఈ మూడింటినీ కుదర్చగలదా అన్నది శ్రోతలే ఆలోచించుకోవచ్చు.

కాలేయం వాచడానికీ కారణాలు అనేకం. మద్యం ఒకటి. కొన్ని మందులు, కొన్ని మూలికలు కూడా కారణాలే. కాని మన దేశంలో తరచు కనబడేవి వైరస్‌లు. వీనికి వైద్యులు ఇంగ్లీషు అక్షరాలతో పేర్లు పెట్టినారు: ఎ, బి, సి, డి, ఇ. ఎ, ఇ అనేవి ముఖ్యంగా కలుషితమైన నీటిద్వారా, ఆహారంద్వారా వస్తవి. బి, సి అనేవి రక్తంద్వారా, శుభ్రపరచని సూదులద్వారా వస్తవి. బి వైరస్ తల్లినుండి బిడ్డకు, స్త్రీపురుష సంబంధంవల్ల కూడా వస్తుంది. డి వైరస్ బి ఉన్నవారిలోనే ప్రవేశిస్తుంది. నీటిద్వారా వచ్చే కామెర్లలో చాలావరకు కొన్ని వారాలలో వానంతట అవే తగ్గిపోతవి. దేహమే వైరస్‌ను అణచివేస్తుంది. అన్నయ్య కోలుకొన్నది ఇట్లాగే కావచ్చు. మూడువారాల పత్యం ముగిసేనాటికి వ్యాధి గడువు కూడా ముగుస్తుంది. పత్యానికి ఆ గడువును ఎవరు నిర్ణయించినారో గాని వారు కామెర్ల నడకను బాగా గమనించినవారై ఉండవలె.

నీటి కామెర్లను గురించి మన దేశంలో జరిగిన పరిశోధన ప్రపంచానికి పాఠమైనది. 1955 డిసెంబరు, 1956 జనవరి నెలలలో ఢిల్లీ నగరంలో 29,000 మందికి పైగా కామెర్లపాలైనారు. యమునానది పాయ మారినందున నజఫ్‌గఢ్ కాలువ మురుగు వెనుకకు మళ్ళి, వజీరాబాదు దగ్గర నగరానికి నీరు తోడే చోట కలిసినది. అధికారులు క్లోరిన్ ఎక్కువగా కలిపినారు. అందువల్ల టైఫాయిడ్, జిగట విరేచనాలు పెరగలేదు. కామెర్ల వైరస్ మాత్రం ఆ జల్లెడను దాటిపోయినది. ఈ ఉపద్రవాన్ని పరిశీలించిన వైద్యులు గర్భవతులలో వ్యాధి తీవ్రంగా పరిణమించడం గుర్తించి వ్రాసిపెట్టినారు.

అది ఎ వైరస్ పనేనని అప్పుడు భావించినారు. కాని ఆనాటి రోగుల రక్తద్రవాన్ని పారవేయక భద్రపరచినారు. ఎ వైరస్‌ను గుర్తించే పరీక్షలు వచ్చిన తరువాత, 1980లో, ఆ పాత నమూనాలను పరీక్షిస్తే ఢిల్లీని బాధించినది ఎ కాదని తేలినది. 1978లో కాశ్మీరంలో చెలరేగిన కామెర్లను పరిశీలించిన వైద్యుడు మహమ్మద్ సుల్తాన్ ఖురూ కూడా అదే నిర్ణయానికి వచ్చినాడు. ఇంకొక వైరస్ ఏదో ఉన్నది. అది ఎవరికీ చిక్కలేదు. రష్యా శాస్త్రజ్ఞుడు మిఖాయిల్ బలయాన్ రోగుల మలంనుండి తీసిన ద్రవాన్ని తానే మ్రింగినాడు. తనకు కామెర్లు వచ్చిన తరువాత తన మలంలోనే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో ఆ వైరస్ కణాలను చూచినాడు. అదే నేడు ఇ అని పిలువబడే వైరస్. ఇటువంటి సాహసాన్ని మేము ఎవరికీ ఉపదేశించము. ఆ విజ్ఞానం ఎంత వెల పెట్టి కొన్నదో తెలియజేయడానికి చెప్పినాము.

ఈ ఇ వైరస్ సామాన్యులను కొన్ని వారాలు బాధించి విడిచిపెడుతుంది. నిండు గర్భిణిని పట్టినప్పుడు మాత్రం దాని రూపం వేరు. చివరి మూడు మాసాలలో ఈ కామెర్లు వచ్చిన స్త్రీలలో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణించవచ్చునని పరిశీలనలవల్ల తేలినది. మా అక్కకు వచ్చినది ఇదేనని ఇప్పుడు అనుకొంటాము. రక్తపరీక్ష జరుగలేదు గనుక రూఢిగా చెప్పలేము. ఆరవనాడే ఆసుపత్రికి తీసుకొనిపోయినా ఆమె తప్పక బ్రతికేదనీ అనలేము. నేటికీ గర్భిణికి ఈ వైరస్‌ను చంపే మందు లేదు. కాని మత్తు కమ్మినప్పుడు, రక్తం గడ్డకట్టడం తప్పినప్పుడు, ఆసుపత్రిలో చేయగల ఉపచారం ఉన్నది. ఆ అవకాశాన్ని పత్యం పేరిట రెండునాళ్ళు పోగొట్టుకొన్నాము. అవ్వ ఏ నూనె గరిటెనూ అనుమానించనక్కరలేదు. అన్నయ్యా, అక్కా త్రాగినది ఒకే బావినీరు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. మందు పనిచేసినదని తెలుసుకొనేది ఎట్లా? ఈ సంగతి మా వైపు రైతుకు కొత్తగా నేర్పవలసినది కాదు. కొత్త ఎరువు ఒకటి వచ్చినదనుకొందాము. తెలివైన రైతు దానిని పొలమంతా చల్లి, పంట బాగుంటే ఎరువు గొప్పదని అనడు. ఆ ఏడు వానలే బాగుండవచ్చు. ఒకే విత్తనం, ఒకే నీరు, ఒకేనాటి నాట్లుగల రెండు మడులు తీసుకొని, ఒకదానికి ఎరువు వేసి, రెండవదానిని ఊరక విడిచిపెడతాడు. కోతలనాడు రెండు కుప్పలూ కొలుస్తాడు. తేడా ఉంటేనే ఎరువును మెచ్చుకొంటాడు.

చికిత్సా పరిశోధన ఈ రెండు మడుల న్యాయమే. అయితే ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఎరువుపై ఆశ పెట్టుకొన్న రైతు తనకు తెలియకుండానే మంచి మడిని దానికి కేటాయించవచ్చు. అట్లాగే వైద్యుడు కూడా కోలుకొనేటట్లు కనబడే రోగికి కొత్తమందు ఇచ్చి, నీరసించినవానిని రెండవ జట్టులో చేర్చవచ్చు. అందుచేత ఏ రోగి ఏ జట్టులో ఉండవలెనో వైద్యుడు నిర్ణయించరాదు. చీటీ వేసినట్లు దైవాధీనంగా నిర్ణయం కావలె. 1947లో బ్రిటనులో క్షయరోగానికి స్ట్రెప్టోమైసిన్ మందును పరీక్షించినప్పుడు ఈ విధానాన్ని శ్రద్ధగా పాటించి, ఏ జట్టో తెలిపే చీటీలను కవరులలో మూసిపెట్టినారు. ఇంకొక చిక్కు: మందు పుచ్చుకొన్నామన్న నమ్మకంవల్లనే కొందరికి హాయి కలుగుతుంది. అందుకని రెండవ జట్టుకు రంగులో రుచిలో ఆ మందునే పోలిన, మందు లేని మాత్ర ఇస్తారు. ఎవరికి ఏది అందినదో రోగికి తెలియదు, పరీక్షించే వైద్యునికీ తెలియదు. లెక్కలు ముగిసిన తరువాతనే ఆ గుట్టు విప్పుతారు.

ఈ త్రాసులో మన పసరును ఎవరైనా తూచినారా? తూచినారు. మన పొలంగట్లమీద వానలకు మొలిచే నేలఉసిరిని శ్రోతలు ఎరుగుదురు. ఆకుల అడుగున చిన్న చిన్న కాయలు వరుసగా ఉంటవి. తమిళులు దీనిని కీళానెల్లి అంటారు. కామెర్ల పసరులలో దీనికి పెద్దపీట. మద్రాసు విశ్వవిద్యాలయ పరిశోధకుడు ఎస్. పి. త్యాగరాజన్, ఆయన సహచరులు దీనిని బి వైరస్ దేహంలో నిలిచిపోయినవారికి ముప్పది దినాలు ఇచ్చి చూచినారు. వారితో కలిసి పనిచేసినవాడు సామాన్యుడు కాడు. బి వైరస్ గుర్తును 1960 దశకంలో ఒక ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో కనుగొని 1976లో నోబెల్ బహుమానం పొందిన బరూచ్ బ్లంబెర్గ్. 1988లో లాన్సెట్ పత్రికలో వారి ఫలితాలు వెలువడినవి. నేలఉసిరి పుచ్చుకొన్న 37 మందిలో 22 మంది రక్తంలో ఆ వైరస్ గుర్తు మాయమైనది. మందు లేని మాత్ర పుచ్చుకొన్న 23 మందిలో ఒక్కరికే అట్లా జరిగినది.

ఈ వార్త ఎంత ఆనందం కలిగించి ఉంటుందో ఊహించవచ్చు. గట్టుమీది మొక్క ప్రపంచవ్యాధికి మందయినది! పసరు పోసే పెద్దాయనే గెలిచినాడనిపిస్తుంది. కాని శాస్త్రం అక్కడ ఆగదు. ఆ పరిశోధకులే దానిని ప్రాథమిక పరీక్ష అన్నారు. జట్లు చిన్నవి, సమానమైనవీ కావు. ఒక పొలంలో పండినది మరొక పొలంలోనూ పండవలె. 1990లో థాయిలాండు నుండి, 1994లో న్యూజిలాండు నుండి ఫలితాలు వచ్చినవి. అక్కడ ఆ మొక్క బి వైరస్‌ను తొలగించలేకపోయినది. తరువాత అనేక పరీక్షలను ఒకచోట చేర్చి పరిశీలించిన కొక్రేన్ సంస్థ 2011లో ప్రకటించిన సమీక్ష, మందు లేని మాత్రకంటె ఇది మేలు చేస్తుందనడానికి నమ్మదగిన నిదర్శనం లేదని తేల్చినది.

ఇది నేలఉసిరికి అవమానం కాదు. మద్రాసు పరిశోధకులకూ అవమానం కాదు. మన మొక్కను ప్రపంచం ముందు త్రాసులో పెట్టే ధైర్యం వారు చూపినారు. ఓడిపోవడానికి అవకాశమిచ్చిన మందు అది. ఇరుగుపొరుగుల మాటలో వెయ్యేండ్లు నిలిచిన నమ్మకంకంటె, ఓడిపోయిన ఆ పరీక్షే మనకు ఎక్కువ నేర్పినది. బి వైరస్ దేహంలో నిలిచిపోయినవారు పసరును నమ్ముకొని కూర్చుండరాదని ఇప్పుడు తెలుసు. టెనోఫోవిర్, ఎంటెకావిర్ వంటి మాత్రలు ఆ వైరస్‌ను అణచిపెట్టగలవని కూడా ఇటువంటి పరీక్షలవల్లనే తెలుసు.

దేశీయ వైద్యమంటే మాకు చిన్నచూపు లేదు. జీర్ణకోశ వ్యాధుల చరిత్రలో మన ఎల్లాప్రగడ సుబ్బారావును తలచుకొంటే చాలు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన కండ్లయెదుట అన్నదమ్ములు ఇద్దరు స్ప్రూ అనే గ్రహణివ్యాధివల్ల మరణించినారు. తిన్న ఆహారం ప్రేగులు గ్రహించలేక మనిషి క్షీణించిపోయే వ్యాధి అది. ఆయనకూ అది సోకినప్పుడు ఆచంట లక్ష్మీపతి ఆయుర్వేద చికిత్సవల్ల కోలుకొన్నాడని చెబుతారు. సుబ్బారావు ఆ ఔషధానికి నమస్కరించి ఊరకుండలేదు. ఆ వ్యాధి మూలమేమిటని అడుగుతూ అమెరికాకు పోయినాడు. ఆయన నాయకత్వాన లెడర్లీ ప్రయోగశాలలో 1945లో ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసినారు. స్ప్రూ రోగులలో కలిగే రక్తహీనతకు అది మందయినది. నేడు మన ఊరి ఆరోగ్యకేంద్రంలో గర్భిణులకు ఇనుముతో కలిపి ఇచ్చే మాత్రలో ఉన్నదీ ఆ ఫోలిక్ ఆమ్లమే.

బి వైరస్ విషయంలో మన నెల్లూరు జిల్లాకు కూడా చెప్పుకోదగిన కథ ఉన్నది. ఈ వైరస్ పెద్దవానికి సోకితే చాలావరకు దేహం తరిమివేస్తుంది; నూటికి అయిదుగురికంటె తక్కువమందిలోనే నిలిచిపోతుంది. పురిటిలో బిడ్డకు సోకితే మాత్రం నూటికి తొంబదిమందిలో నిలిచిపోతుంది. ఏండ్ల తరబడి చప్పుడు చేయదు. తరువాత కాలేయం గట్టిపడడం, కొందరిలో క్యాన్సరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రకటించిన నివేదిక ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 3 కోట్లమంది ఈ బి వైరస్‌తో జీవిస్తున్నారు.

దీనికి టీకా ఉన్నది. అది కూడా చీటీల పరీక్ష దాటివచ్చినదే. న్యూయార్కులో వుల్ఫ్ ష్ముణెస్ 1,083 మందిపై చేసిన పరీక్ష ఫలితం 1980లో వెలువడి, టీకా శక్తిని రుజువు చేసినది. తైవాను 1984లో పసిబిడ్డలకు ఈ టీకా వేయడం ప్రారంభించినది. పదేండ్లు గడిచేసరికి 6 నుండి 14 ఏండ్ల పిల్లలలో కాలేయ క్యాన్సరు దాదాపు సగానికి తగ్గినది. క్యాన్సరును నివారించిన మొదటి టీకా ఇదేనంటారు. కాని పరదేశంనుండి వచ్చిన టీకా ధర మన సామాన్య కుటుంబానికి అందేది కాదు. నెల్లూరు జిల్లా పాపిరెడ్డిపాలెంలో 1948లో పుట్టిన కె. ఐ. వరప్రసాదరెడ్డి వృత్తిచేత వైద్యుడు కాడు, ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు. ఆయన 1993లో హైదరాబాదులో తన తల్లి శాంత పేరిట శాంతా బయోటెక్నిక్స్ సంస్థను నెలకొల్పినాడు. వైరస్ పైపొర జన్యువును ఈస్టులో ప్రవేశపెట్టి టీకా తయారుచేసే విధానాన్ని ఆ సంస్థ శాస్త్రజ్ఞులు సాధించినారు. 1997లో ఆ టీకా విపణిలోకి వచ్చినది, ధరలు దిగివచ్చినవి. ప్రభుత్వ టీకాల పథకంలో ఇది 2002లో కొన్నిచోట్ల మొదలై, 2011 నాటికి దేశమంతటికీ వ్యాపించినది. పుట్టిన 24 గంటలలోపల మొదటిది, తరువాత 6, 10, 14 వారాలకు మిగిలినవి వేయించవలె.

నీటి కామెర్ల ఇ వైరస్‌కు కూడా టీకా పుట్టినది. చైనాలో 1,12,604 మందిపై చేసిన పరీక్ష 2010లో వెలువడినది. అందులో ఒక విశేషం ఉన్నది. రెండవ జట్టుకు ఊరక నీటిమందు ఇవ్వలేదు. వారికి బి టీకా వేసినారు. పరీక్షలో చేరినందుకు వారికీ ఒక మేలు కలిగినది. మూడు మోతాదులు పూర్తయిన తరువాతి సంవత్సరంలో ఇ టీకా వేయించుకొన్నవారిలో ఒక్కరికీ ఆ వ్యాధి రాలేదు. రెండవ జట్టులో పదిహేనుగురికి వచ్చినది. అంత పెద్ద జట్టులో పదిహేనుమందే గదా అనిపించవచ్చు. ఆ చిన్న తేడాను చూడడానికే అంతమంది కావలసివచ్చినారు. వ్యాధి అరుదైన చోట, పది ఇరవైమందిని చూచి ఇది పనిచేసినది, అది పనిచేయలేదు అనేవారిని ఎందుకు నమ్మరాదో ఈ లెక్క చెబుతుంది.

మన ప్రాంతంలోనూ ఇటువంటి పరిశోధనలు జరుగుతున్నవి. విశాఖపట్టణంలో పుట్టి, కర్నూలు వైద్యకళాశాలలో చదివిన డి. నాగేశ్వరరెడ్డి హైదరాబాదులో స్థాపించిన ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ ఈ రంగంలో ప్రపంచఖ్యాతి గడించినది. కనుక రేపు మా మనుబోలు మనిషినో, మీ ఇంటి మనిషినో ఏదో ఒక ఆసుపత్రివారు పరిశోధనలో చేరమని అడుగవచ్చు. "మామీద ప్రయోగాలా?" అని కోపగించనక్కరలేదు, చెప్పినచోట వ్రేలిముద్ర వేసి రానూ కూడదు. 1964లో హెల్సింకీలో వైద్యులు చేసికొన్న ప్రకటన రోగి క్షేమం పరిశోధనకంటె మిన్న అని చాటినది. మన దేశంలో 2007లో పరిశోధనల పట్టిక ఏర్పడినది. 2009 నుండి మందుల పరీక్షలను అందులో ముందుగా నమోదు చేయవలెనన్నారు. 2019లో కొత్త నిబంధనలు వచ్చినవి. మీరు అడుగవలసిన ప్రశ్నలు ఇవి: ఈ మందు ఏమిటి? రెండవ జట్టుకు ఏమి ఇస్తారు? హాని కలిగితే వైద్యమూ పరిహారమూ ఎవరు భరిస్తారు? నడుమ మానుకొంటే నా మామూలు వైద్యం ఆగుతుందా? తెలుగులో వ్రాసిన కాగితం ఇస్తారా? ఈ ప్రశ్నలకు తృప్తికరమైన జవాబు చెప్పినవారితో చేరడం తోటివారికి ఉపకారమే.

చివరకు నాలుగు ఆచరణ మాటలు. కండ్లు పచ్చబడితే ముందు రక్తపరీక్ష చేయించవలె. అది ఏ జాతి కామెర్లో తెలియకుండా మందు లేదు. కామెర్లవాడు మత్తుగా ఉన్నా, పొంతనలేకుండా మాట్లాడినా, రక్తం కక్కినా, చలిజ్వరంతో కడుపునొప్పి వచ్చినా, ఒళ్ళంతా దురదతో మలం తెల్లబడినా, గంటలు లెక్కపెట్టుకొని ఆసుపత్రికి పోవలె. గర్భిణికి కామెర్లు కనబడితే ఏ గుర్తుకొరకూ ఆగరాదు; ఆనాడే పోవలె. పసరు ముక్కులో పోయించుకోవడం, చేతిమీద వాతలు పెట్టించుకోవడం మానవలె. కొన్ని మూలికలే కాలేయానికి హాని చేస్తవి. చప్పిడి పత్యంతో రోగిని ఎండబెట్టనక్కరలేదు. సహించినంతవరకు మామూలు అన్నం పెట్టవచ్చు. మద్యం మాత్రం ముట్టరాదు. నీరు తెర్లకాచి త్రాగవలె. 2018 జులై 28న ప్రారంభమైన జాతీయ కార్యక్రమం క్రింద బి, సి వైరస్‌ల పరీక్షలు, మందులు ప్రభుత్వ ఆసుపత్రులలో ఉచితంగా ఇచ్చే ఏర్పాటు కలదు. సి వైరస్‌ను కొన్ని వారాల మాత్రలతో నూటికి 95 మందికి పైగా పూర్తిగా తొలగించుకొంటున్నారు.

మా అవ్వ తన చివరి రోజులలో ఒకసారి మమ్ము అడిగినది: "అబ్బాయా, ఆ బిడ్డ కంచంలో నూనె పెట్టినది ఎవరో తెలిసినదా?" ఎవరూ పెట్టలేదని, తప్పు నీటిదని, ఇంటిలో ఎవరిదీ కాదని చెప్పినాము. ఆమె చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "ఆ మాట అప్పుడే ఎవరైనా చెప్పి ఉంటే మీ పిన్నమ్మను అన్ని మాటలు అనకపోదును గదా" అన్నది. పరిశోధనవల్ల మందులు వస్తవి, టీకాలు వస్తవి. ఒక ఇంటిలో ఏండ్ల తరబడి మోసిన నింద తొలగడం కూడా దానివల్ల కలిగే లాభాలలో ఒకటి అని మాకు ఆనాడు తెలిసినది.